అన్ని శైలులూ ఒకే గురువు దగ్గర నేర్చుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 38. పాఠశాలలో ఉపాధ్యాయురాలిని, రోజుకు ఐదారు గంటలు మాట్లాడాలి. చిన్నప్పుడు మూడేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకుని గీతాలనే తొలి పాటల దగ్గర ఆపేశాను. ఇప్పుడు మళ్లీ పాడాలని బలంగా ఉంది. సినిమా పాటలు, లలిత గీతాలు, గజళ్లు ఇష్టం. ఇంగ్లీషు పాప్ పాటలు కూడా సరిగ్గా పాడాలని కోరిక. కానీ పై స్వరాలకు వెళ్లేసరికి గొంతు పట్టేస్తుంది, అరగంట పాడితే బొంగురుపోతుంది. "అన్ని శైలులూ, ఏ స్థాయి వారికైనా, విడివిడిగా నేర్పుతాం" అని చెప్పే ఉపాధ్యాయులు కనిపిస్తున్నారు. ఒక్కరే ఇవన్నీ నేర్పగలరా? మళ్లీ మొదటి పాఠాలైన సరళీ స్వరాల నుంచి మొదలుపెట్టాలా? ఈ వయసులో గొంతు మారుతుందా? పన్నెండేళ్ల మా అబ్బాయి కూడా నేర్చుకుంటానంటున్నాడు. ఇద్దరం ఒకే క్లాసులో చేరవచ్చా?

సమాధానం: మీ ఉత్తరంలో శైలుల గురించి ఎక్కువగా రాశారు, గొంతు పట్టేయడం గురించి ఒక్క వాక్యమే రాశారు. నేను మాత్రం ఆ ఒక్క వాక్యంతోనే మొదలుపెడతాను. ఎందుకంటే మీరు ఏ శైలి ఎంచుకున్నా, ఎంత గొప్ప గురువు దగ్గర చేరినా, ఆ ఇబ్బంది మీతో పాటే క్లాసుకు వస్తుంది. అరగంటకే బొంగురుపోవడం వయసు వల్ల వచ్చిందని మీరు అనుకుంటున్నట్టున్నారు. ముప్పై ఎనిమిదేళ్లు గొంతుకు పెద్ద వయసు కాదు. స్వరపేటిక ఎదుగుదల పూర్తయి, గొంతు నిలకడగా ఉండే దశ ఇది. రోజంతా తరగతి గదిలో గొంతెత్తి మాట్లాడి, అలసిన గొంతుతోనే సాయంత్రం మీ శ్రుతికి అందని పాటలు పాడటం వల్ల ఈ ఇబ్బంది వచ్చి ఉండే అవకాశం చాలా ఎక్కువ. అయితే పాడకపోయినా బొంగురుతనం మూడు వారాలకు మించి తగ్గకుండా ఉంటే, లేదా మాట్లాడేటప్పుడు నొప్పి ఉంటే, సంగీతం గురువు కంటే ముందు చెవి ముక్కు గొంతు వైద్యుణ్ణి కలవండి. స్వరతంత్రులను (గొంతులో కంపించి స్వరం పుట్టించే పొరలను) నేరుగా చూసే పరీక్ష కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఉపాధ్యాయుల్లో, గాయకుల్లో స్వరతంత్రుల మీద చిన్న బుడిపెలు రావడం అరుదేమీ కాదు. వాటిలో చాలా వరకు విశ్రాంతితో, సరైన గొంతు శిక్షణతో తగ్గిపోతాయి. కానీ అవి ఉన్నాయో లేవో తెలియకుండా సాధన పెంచడం మంచిది కాదు.

వైద్యుడు ఏమీ లేదని చెప్పాక మొదట చూసుకోవలసింది శ్రుతి, అంటే మీ పాటకు ఆధారమైన 'స' ఎంత ఎత్తులో ఉందన్నది. దాన్ని హార్మోనియం మెట్ల వరుసతో చెబుతారు: సి ఒకటి, జి ఐదు. స్త్రీలలో చాలామంది శాస్త్రీయ సంగీతాన్ని నాలుగున్నర, ఐదు, ఐదున్నర శ్రుతుల్లో పాడతారు. ఐదు శ్రుతిలో ఆధార షడ్జం (కింది స) వద్ద స్వరతంత్రులు సెకనుకు 196 సార్లు కంపిస్తాయి, తార షడ్జం (పై స) దగ్గర 392 సార్లు, తార పంచమం (పై ప) దగ్గర సుమారు 587 సార్లు. సినిమా పాటను దాని అసలు శ్రుతిలోనే, కరోకే ట్రాక్‌తో కలిపి పాడేవారు ఎవరో మరొక గాయని గొంతుకు అమర్చిన ఎత్తులో పాడుతున్నారన్న మాట. ఆ ట్రాక్‌ను ఒకటి రెండు మెట్లు దించితే మీ ఇబ్బందిలో సగం అక్కడే తీరవచ్చు. మిగిలిన సగం పై స్వరాలకు వెళ్లే పద్ధతిలో ఉంటుంది. స్వరం పెరిగేకొద్దీ స్వరతంత్రులు సాగి పల్చబడాలి. కింది స్వరాలు పాడినప్పటి మందపు గొంతునే బలవంతంగా పైకి నెడితే, అవి సాగలేక, మెడ కండరాలు బిగుసుకుని, మీరు చెప్పినట్టు పట్టేస్తుంది. ఈ మార్పును మెల్లగా, తెలియకుండా జరిగేలా అలవాటు చేయడం ఒక్కొక్కరికి విడిగా చెప్పే పాఠంలో మాత్రమే బాగా కుదురుతుంది. ఎందుకంటే ఆ బిగువు ఏ స్వరం దగ్గర మొదలవుతుందో ప్రతి గొంతుకూ వేరు. పదిమంది కలిసి పాడే క్లాసులో మీ గొంతు ఎక్కడ బిగుసుకుందో గురువుకు వినపడదు.

అందుకే మీ విషయంలో నేను విడి క్లాసునే సూచిస్తాను. బృందంలో నేర్చుకోవడం తక్కువని కాదు. తాళం నిలవడానికి, నలుగురిలో నోరు తెరిచే ధైర్యం రావడానికి దాన్ని మించినది లేదు. ఆరు నెలలయ్యాక వారానికి ఒకసారైనా ఎవరితోనైనా కలిసి పాడండి. కానీ మొదటి ఆరు నెలలు మీ గొంతు ఒక్కటే వినే మనిషి మీకు కావాలి.

ఇక అసలు ప్రశ్న. ఒక్కరే అన్ని శైలులూ నేర్పగలరా? దీనికి నా సమాధానం రెండు భాగాలుగా ఉంటుంది. శ్వాస, శ్రుతిలో నిలబడటం, అచ్చులు విప్పి పలకడం, పై స్వరాలకు బిగువు లేకుండా వెళ్లడం, లయ తప్పకపోవడం అన్ని శైలులకూ ఉమ్మడి సంగతులు, వీటిని మంచి గురువు ఏ శైలి వారికైనా నేర్పగలరు. శైలికి ప్రాణమైన లోపలి సంగతులు మాత్రం, ఆ శైలిలో ఏళ్ల తరబడి పాడినవారే నేర్పగలరు. రెండు శైలుల్లో లోతుగా తెలిసినవారు ఉన్నారు. ఐదారింటిలో సమాన లోతు ఉన్న మనిషి చాలా అరుదు.

ఎందుకు అరుదో చెప్పడానికి మీకు తెలిసిన ఒక్క ఉదాహరణ తీసుకుంటాను. కర్ణాటక సంగీతంలో శంకరాభరణం, హిందుస్తానీలో బిలావల్, పాశ్చాత్య సంగీతంలో మేజర్ స్కేల్ అనే మూడింటిలోనూ హార్మోనియం మీద నొక్కే మెట్లు అవే ఏడు. ఇప్పుడు మధ్యమం (మ) ఒక్కటి చూడండి. శంకరాభరణంలో మధ్యమం ఒకచోట నిలిచి ఉండదు, పక్క స్వరాలను తాకుతూ ఊగుతుంది, ఆ ఊపు లేకపోతే రాగం పలకలేదనే అంటారు. అదే మధ్యమాన్ని బిలావల్‌లో నిశ్చలంగా నిలిపి, అవసరమైన చోట పక్క స్వరంలోకి జారుస్తారు. పాశ్చాత్య శాస్త్రీయ గాయని అదే స్వరాన్ని పట్టుకున్నప్పుడు వినిపించే కదలికను వైబ్రాటో అంటారు. అది సెకనుకు సుమారు 5 నుంచి 7 సార్లు, స్వరానికి అటూ ఇటూ చాలా సన్నగా, సమంగా సాగుతుంది. పక్క స్వరాన్ని చూపించడం దాని ఉద్దేశం కాదు. పాప్ పాటలో అదే స్వరాన్ని చాలాసార్లు మాట్లాడినంత నేరుగా అందుకుని, చివర్లో కొద్దిగా ఊపి వదిలేస్తారు. గమకం (శంకరాభరణంలో చెప్పినట్టు స్వరాన్ని ఊపడం) బాగా అలవాటైన గొంతుతో ఇంగ్లీషు పాట పాడితే స్వరాలు వణికినట్టు వినిపించడానికి, పాశ్చాత్య శిక్షణ మాత్రమే ఉన్నవారు మన కీర్తన పాడితే చదును చేసినట్టు వినిపించడానికి కారణం ఇదే. గురువు ఈ తేడాను పాడి చూపించగలగాలి, ఆ తర్వాత మీ గొంతులో అది వచ్చిందో లేదో విని చెప్పగలగాలి.

గొంతు వాడే పద్ధతిలో కూడా శైలులు విడిపోతాయి. ఒపెరా గాయకులు మైకు లేకుండా పెద్ద వాద్యబృందం మీదుగా వినిపించాలి కాబట్టి, గొంతులోని శక్తిని 3000 హెర్ట్జ్ ప్రాంతంలో కేంద్రీకరించేలా కంఠాన్ని తీర్చిదిద్దుకుంటారు. వాద్యబృందం ధ్వని ఆ ప్రాంతంలో బలహీనపడుతుంది కనుక గొంతు దాన్ని దాటి వినిపిస్తుంది. 1920ల మధ్యలో విద్యుత్ మైక్రోఫోన్ రికార్డింగుకు వచ్చాక, చెవి దగ్గర చెప్పినట్టు మెల్లగా పాడటానికి వీలు కలిగింది. సినిమా పాట, లలిత గీతం, ఇప్పుడు మనం వింటున్న గజల్, పాప్ అన్నీ ఆ మైకు మీద ఆధారపడి పెరిగినవే. అంటే మీరు పాడాలనుకుంటున్నవన్నీ మైకు శైలులు. మీకు గదిని నింపే బలం అవసరం లేదు, మెల్లగా పాడినా స్వరం చెదరని నిలకడ అవసరం. గొంతు అలసిపోయే మీకు ఇది మంచి వార్తే. గజల్ విషయంలో మరొకటి కూడా ఉంది. ఉర్దూలో ఖ, గ, ఫ, జ వంటి అక్షరాలకు తెలుగులో లేని ఉచ్చారణలున్నాయి. గజల్‌లో మాటే ముందుండాలి కాబట్టి, రాగం ఎంత బాగున్నా అవి పలకకపోతే వినేవారికి పాట అందదు. ఉర్దూ పలుకు సరిదిద్దగలవారి దగ్గరే గజల్ నేర్చుకోండి.

ఈ కారణాలతో మీకు నేను చెప్పే క్రమం ఏమిటంటే, మొదటి ఏడాది ఒక శైలిని ఇల్లుగా చేసుకోండి. మీకు చెవికి పట్టిన పునాది కర్ణాటక సంగీతంలో ఉంది, ఇష్టం లలిత గీతాల్లో ఉంది. కనుక శాస్త్రీయ అభ్యాసం చేయిస్తూ లలిత గీతాలు కూడా నేర్పే గురువును వెతకండి. రెండో ఏడాది గజల్‌నో పాప్‌నో కలుపుకోవచ్చు. దానికి వేరే గురువు అవసరమైతే మొహమాటపడవద్దు. నేర్పేవారికి తమ హద్దు తెలిసి ఉంటే వారే మిమ్మల్ని మరొకరి దగ్గరకు పంపుతారు. అలా పంపగలవారిని నేను ఎక్కువగా నమ్ముతాను.

సరళీ స్వరాల మాట. అవును, మళ్లీ పాడండి, కానీ చిన్న బాలికలా మళ్లీ మొదలుపెట్టాలనే దిగులుతో కాదు. ఈ అభ్యాసక్రమాన్ని పురందరదాసు (1484–1564) ఏర్పరచారని సంప్రదాయం చెబుతుంది. దానికి మాయామాళవగౌళ రాగాన్ని ఎంచుకోవడంలో గొంతుకు పనికొచ్చే లెక్క ఒకటి ఉంది. షడ్జం నుంచి రిషభానికి దగ్గరి మెట్టు, రిషభం నుంచి గాంధారానికి పెద్ద అంగ, గాంధారం నుంచి మధ్యమానికి మళ్లీ దగ్గరి మెట్టు. పంచమం నుంచి పై షడ్జం దాకా అదే అమరిక తిరిగి వస్తుంది. ఇరుకు, వెడల్పు రెండూ ఒకే వరుసలో సాధన అవుతాయి, పూర్వాంగంలో (కింది సగంలో) నేర్చుకున్నది ఉత్తరాంగంలో (పై సగంలో) సరిచూసుకోవచ్చు. మీరు చిన్నప్పుడు స్వరాల పేర్లు చెబుతూ పాడి ఉంటారు. ఇప్పుడు అవే వరుసలను అకారంలో, తర్వాత ఇకారంలో, ఉకారంలో, శబ్దం పెంచకుండా, మూడు కాలాల్లో (వేగాల్లో) పాడండి. ఒక్కో స్వరాన్ని రెండేసి సార్లు పలికే జంట స్వరాల్లో రెండో స్వరానికి ఇచ్చే ఒత్తు గొంతు నుంచి వస్తోందా, పొట్ట నుంచి వస్తోందా అని గురువును గమనించమనండి. ఇది కుదిరితే మీరు వారాల్లోనే అలంకారాలకు (తాళాలకు అమర్చిన స్వర వరుసలకు), గీతాలకు చేరుకుంటారు. ఒక్క స్వరం పేరు తప్పకుండా అన్నీ ఒప్పజెప్పినా, రెండో కాలంలో అకారం చెదిరితే మీ పని అక్కడే ఉంది.

ఇప్పుడు గురువును ఎలా గుర్తుపట్టాలో చెబుతాను. చేరే ముందు ఒక్క క్లాసు పరిచయంగా తీసుకుని గమనించండి. అన్నిటికంటే ముందు, శ్రుతి పెట్టే తీరు చూడండి. గురువు పురుషులైతే సాధారణంగా వారిది ఒకటి, ఒకటిన్నర శ్రుతి చుట్టుపక్కల ఉంటుంది. తమ శ్రుతిలోనే మిమ్మల్ని పాడిస్తే మీకు మంద్రంలో (కింది స్వరాల్లో) మాట వినపడదు, మధ్యలో జీవం ఉండదు, చివరికి నీరసమైన గొంతు అలవాటవుతుంది. మీ గొంతు విని, మీ శ్రుతికి తంబురా మార్చి, తాము సర్దుకునేవారు సరైనవారు. రెండోది, ఆ గంటలో ఎవరు ఎక్కువ పాడారో చూడండి. గురువు పాట వినడం భాగ్యమే, కానీ విడి క్లాసుకు మీరు వెళ్లేది మీ పాట వాళ్లు వినడానికి. మీరు తప్పు పాడినప్పుడు "మళ్లీ పాడండి" అని మాత్రమే అంటున్నారా, లేక "మధ్యమం దగ్గరే దవడ బిగించారు, అది వదిలి పాడండి" అని కారణం చెబుతున్నారా? ఈ రెండో రకం మాట ఒక్కటి వినిపించినా అక్కడ మీకు నేర్చుకోవలసింది ఉంది. అన్ని శైలులూ నేర్పుతామని చెప్పినవారిని గౌరవంగానే ఒక కోరిక కోరండి. మీరు ఇచ్చిన ఒకే పంక్తిని రెండు శైలుల్లో పాడి, ఏది మారిందో మాటల్లో చెప్పమనండి. నిజంగా తెలిసినవారు ఈ ప్రశ్నకు సంతోషిస్తారు. నొప్పి వస్తోందని మీరు చెబితే "పాడుతూ ఉంటే అదే తగ్గుతుంది" అనేవారి దగ్గర, ఇన్ని రోజుల్లో గాయనిని చేస్తామని మాట ఇచ్చేవారి దగ్గర చేరకండి.

క్లాసు వేళ కూడా మీకు ముఖ్యమే. బడి ముగిసిన సాయంత్రం ఐదారు గంటలు మాట్లాడిన గొంతు ఉంటుంది, సెలవు రోజు ఉదయం అయితే విశ్రాంతి తీసుకున్న గొంతు ఉంటుంది. వీలైతే రెండోదే ఎంచుకోండి. మొదటి పది నిమిషాలు పెదవులు వదులుగా కలిపి, చిన్నపిల్లలు బండి తోలే ఆట ఆడుతూ చేసే బుర్రుమనే శబ్దంతో కింది నుంచి పైకి, పై నుంచి కిందికి జారండి. లేదా సన్నని స్ట్రా గుండా అదే పని చేయండి. నోటి ముందు కొంచెం అడ్డు ఉండటం వల్ల గాలి ఒత్తిడి వెనక్కి వచ్చి, స్వరతంత్రులు ఒకదానికొకటి గట్టిగా కొట్టుకోకుండా కంపిస్తాయి. అలసిన గొంతుకు ఇంత మృదువైన వ్యాయామం మరొకటి నాకు తెలియదు. బడిలో కూడా పాఠాల మధ్య ఒకటి రెండు నిమిషాలు చేసుకోవచ్చు. నీళ్లు రోజంతా కొద్దికొద్దిగా తాగండి. తాగిన నీరు స్వరతంత్రులను నేరుగా తాకదు, శరీరం ద్వారా వాటికి అందడానికి సమయం పడుతుంది కనుక పాడే ముందు గ్లాసెడు తాగి సరిపెట్టుకోవడం వల్ల ప్రయోజనం తక్కువ. గొంతు మాటిమాటికీ సవరించుకునే అలవాటు ఉంటే మానుకోండి, దానికి బదులు ఒక గుటక మింగండి.

ఇంట్లో సాధన రోజుకు ఇరవై నిమిషాలు చాలు, కానీ రోజూ ఉండాలి. ఆదివారం ఒక్కసారే రెండు గంటలు పాడితే మీ గొంతుకు మేలు కంటే అలసటే ఎక్కువ. పాడింది ఫోనులో రికార్డు చేసి వినండి. మన గొంతు మనకు గాలి ద్వారానే కాక పుర్రె ఎముకల ద్వారా కూడా వినిపిస్తుంది కాబట్టి, రికార్డులో అది పలచగా, పరాయిగా అనిపిస్తుంది. మొదటి వారం అది బాధిస్తుంది, తర్వాత శ్రుతి ఎక్కడ జారిందో మీకే తెలియడం మొదలవుతుంది.

దూరం వల్ల ఆన్‌లైన్‌లో నేర్చుకోవలసి వస్తే నేర్చుకోండి, కానీ ఇద్దరూ కలిసి పాడటం అక్కడ కుదరదు. ధ్వని చేరడంలో జాప్యం ఉంటుంది కనుక తాళం కలవదు. ఒకరు పాడాక మరొకరు పాడాలి, తంబురా మీ దగ్గర మోగాలి. చాలా యాప్‌లు ఆగకుండా మోగే తంబురాను చప్పుడుగా భావించి తొలగించేస్తాయి, దీర్ఘంగా పట్టిన స్వరాన్ని కూడా మధ్యలో మింగేస్తాయి. జూమ్‌లో దీనికోసం ఒరిజినల్ సౌండ్ అనే అమరిక ఉంది, దాన్ని ఆన్ చేసుకోండి. గొంతు బిగువు సరిదిద్దుకోవలసిన మీకు మాత్రం మొదటి కొన్ని క్లాసులైనా ఎదురుగా కూర్చుని జరగాలని నా కోరిక. దవడ, మెడ, భుజాల బిగువు తెర మీద సరిగా కనిపించదు.

మీ అబ్బాయిని తప్పకుండా చేర్పించండి, కానీ విడిగా. అతనిది పన్నెండేళ్ల వయసు. మరో రెండు మూడేళ్లలో స్వరపేటిక పెరిగి గొంతు సుమారు ఒక స్థాయి (పై స నుంచి కింది స దాకా ఉండేంత దూరం) కిందికి దిగుతుంది, ఆ మధ్యలో కొన్నాళ్లు మాట విరుగుతుంది, నిన్న అందిన స్వరం ఇవాళ అందదు. మీ శ్రుతి స్థిరంగా ఉంటుంది, అతని శ్రుతి నెలనెలా మారవచ్చు. ఒకే తంబురాకు ఇద్దరినీ కట్టేస్తే ఎవరో ఒకరు గొంతు నొక్కుకోవాలి. గొంతు మారుతున్నప్పుడు పాట మానేయమనే సలహా పాతది. హాయిగా అందినంత మేర మెల్లగా పాడుతూ, తాళం, స్వరజ్ఞానం, రాగాలను గుర్తుపట్టడం మీద శ్రద్ధ పెట్టడానికి అది చాలా మంచి కాలం. గొంతు విరిగినప్పుడు ఇంట్లో ఎవరూ నవ్వకుండా చూడండి. ఆ వయసులో పాట ఆపేసిన పిల్లలను చాలామందిని చూశాను. వారిలో ఎక్కువమందిని ఆపింది గొంతు కాదు, సిగ్గు.

మొదటి క్లాసుకు వెళ్లేటప్పుడు మూడు పాటలు సిద్ధం చేసుకోండి. ఒకటి మీకు సులువుగా వచ్చేది, ఒకటి మీ గొంతు పట్టేసేది, ఒకటి ఏడాది తర్వాత పాడాలని మీరు కోరుకునేది. రెండో పాటలో పట్టేసే చోటును ఇంట్లోనే రికార్డు చేసి, తేదీ వేసి ఉంచండి. పది క్లాసుల తర్వాత అదే చోటును, అదే శ్రుతిలో మళ్లీ రికార్డు చేసి రెండూ పక్కపక్కన వినండి. ఏ మార్పూ లేకపోతే ఆ రెండూ గురువుకు వినిపించి కారణం అడగండి. కారణం చెప్పి, సాధన మార్చినవారి దగ్గర కొనసాగండి. సమాధానం దొరకకపోతే, నమస్కారం చెప్పి మరొకరిని వెతుక్కోవడంలో తప్పు లేదు.